మూత లేని పెట్టె

మందుల షాపు బాబుగారికి,

మా ఆయన మందు సీసాలు పెట్టి మీరు పంపిన థర్మకోల్ పెట్టెలన్నీ పక్కింటి అమ్మాయితో తిరిగి పంపిస్తున్నాను. "పారెయ్యకండి పెద్దమ్మా, మళ్లీ ఇంకొకరికి పంపడానికి పనికొస్తాయి" అని ఫోనులో అన్నారుగా, ఒక్కటీ పారెయ్యలేదు. సీసాలు కూర్చునే గుంటలన్నీ తడిగుడ్డతో తుడిచాను. మందు వాసన ఇంకా ఉందేమో, ఒకసారి చూడండి.

ఒక పెట్టెకి మూత లేదు. మూత లేక దారిలో సీసా పగిలితే పాపం ఎవరికి మందు అందకుండా పోతుందోనని నిన్నటి నుంచి ఒకటే బెంగ. అందుకే రాస్తున్నాను. మంచంలో ఆయన మడమలు ఒరుసుకుపోతుంటే, ఆ మూత మీద పాత చీర పరిచి కాళ్ల కింద పెట్టాను.

"నన్ను కూడా ప్యాకింగు చేసేస్తున్నావేంటే, ఎక్కడికి పంపిస్తావు?" అని నవ్వారు.

"అడిగినా పంపను. కదలకుండా పడుకోండి" అన్నాను.

ఇక సీసాలు పంపకండి బాబూ. ఆ మూత మీద ఆయన మడమల గుంటలు రెండూ అలాగే ఉన్నాయి. ఆ పెట్టెకి వేరే మూత ఏదైనా వెతకండి. ఇది మాత్రం అడక్కండి.

ఇట్లు,
మీకు ఫోను చేసి విసిగించే పెద్దమ్మ