క్యాంపుకు జంపఖానా

1984 జనవరి, శనివారం రాత్రి

కోపం ఇంకా తగ్గలేదు. రేపు పిల్లలతో ధర్మసాగర్ చెరువు గట్టున క్యాంపు. రాత్రి కింద పరుచుకోవడానికి ప్లాస్టిక్ షీట్లు తెస్తానన్నాడు మా బడి డ్రిల్లు సారు.

"జంపఖానాలు మొయ్యలేం టీచరమ్మా. షీట్లయితే తడి ఎక్కదు. తెల్లారి లేచినంక ఆడనే పారేసి రావచ్చు."

"మన నల్లాలకు వచ్చేటివి ఆ చెర్వు నీళ్లే గద సార్."

"గాలికి కొట్టుకపోతయ్ తియ్," అని నవ్వాడు.

ఆ నవ్వుకే ఒళ్లు మండింది. ఎక్కడికి కొట్టుకుపోతాయట, నీళ్లలోకి కాక? మగ్గాల మీద బతికే కొత్తవాడ వాళ్లం, పడుకోవడానికి ప్లాస్టిక్ కొనాలా? గంటసేపు వాదించి నూలు జంపఖానాలకే ఒప్పించాను.

గెలిచానని ఇంటికొస్తే, బాపు తాను నేసిన జంపఖానా ఒకటి నాకోసం తీసి, తిప్పి చూపించాడు. నూలు కట్టలకు చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కాగితాన్ని అడుగున మొత్తం కుట్టేశాడు.

"చెర్వు కాడ తేమ ఉంటది బిడ్డా, నీకసలే దగ్గు. కాగితం చినిగితే ఆడనే పారేసి రా."

బళ్లో అంత అరిచినదాన్ని, ఆ కుట్ల మీద చెయ్యి వేసి నిమిరాను. బాపు సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకొని, నేనేమంటానా అని చూస్తున్నాడు. రేపు ఆ సారు ముందు దీన్ని ఏ మొహం పెట్టుకొని పరచాలి...