అత్తగారి పద్నాలుగు

కాల్డర్ క్రీక్,
మార్చి 2

గౌరవనీయులైన రోవెనా అత్తగారికి,

మీ కోడలు హెలీనా రాస్తున్నది. పండగ కార్డుల మీద కెల్విన్ పేరు కింద నా పేరు రాయడమే తప్ప మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పోయిన వారం రెండుసార్లు ఫోన్ చేసి, మీ గొంతు వినగానే పెట్టేశాను. ఆ మాట్లాడని ఫోన్లు నావే, క్షమించండి. పాతకాలపు కట్టుబాట్ల మెనొనైట్ క్రైస్తవులం మేము, మా పల్లెలో నన్ను ఆరో తరగతితో బడి మాన్పించారు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఇక్కడ ఇద్దరం బాగున్నాం. కెల్విన్ రోజూ నాకంటే ముందు లేచి, నేను బేకరీకి వెళ్ళే వేళకు నా బూట్లు పొయ్యి దగ్గర వెచ్చబెడతాడు. అంత మంచివాడికి నేను ఒక ద్రోహం చేశాను. అది మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

ఈ నెల ఇరవై రెండున పాత స్కీల పండగ. ఊరంతా ముప్పై ఏళ్ళ నాటి రంగురంగుల దుస్తులు తొడుక్కుని, మంచు మీద జారే పాత స్కీ పలకలు కాళ్ళకు కట్టుకుని కొండ దిగుతారు. కొండ మీద రాళ్ళ మధ్య నిట్టనిలువుగా ఉండే ఆ మంచు సందును మీరు మొదటిసారి దిగి ముప్పై ఒక్క ఏళ్ళవుతుందట. అందుకని ఆ రోజు మీ స్కీల మీదే, మీ పేరు పెట్టిన ఆ రోవెనా సందు దిగుతానని కెల్విన్ అందరికీ చెప్పేశాడు. జనవరిలో వాటిని అటకమీది నుంచి దించి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులను తన బూట్లకు సరిపోయేలా జరుపుకున్నాడు. వాటి మరను మీలాగే పద్నాలుగుకు బిగించాడు.

ఆ పద్నాలుగు గురించి ఈ ఊళ్ళో ఎలా మాట్లాడుకుంటారో మీకు తెలుసు. మీరు సందు దిగుతున్న ఫొటోతో వేసిన పోస్టరులో మీ బైండింగు మీద ఉన్న అంకెను భూతద్దంతో చదివినవాళ్ళ కథ నాకు పెళ్ళైన వారంలోనే చెప్పారు. బేకరీకి వచ్చే కుర్రాళ్ళు ఒకరికొకరు ఎదురైతే "పద్నాలుగేనా?" అంటే "పద్నాలుగే!" అని పలకరించుకుంటారు. ఎనిమిది పెట్టుకున్నవాడిని "ఏం బామ్మా, చేతికర్ర తేలేదా?" అని ఏడిపిస్తారు.

జనవరి చివర్లో కెల్విన్ పడ్డాడు. అంత గట్టిగా బిగిస్తే స్కీ ఊడదు కదా, కాలే మెలి తిరిగింది. మూడు రోజులు కుంటుతూ నడిచాడు. నాకు మీ మోకాళ్ళు గుర్తొచ్చాయి. మా పెళ్ళి రోజున మీరు చర్చి మెట్లు పక్కకు తిరిగి ఒక్కొక్కటిగా దిగడం చూశాను. అతను పనికి వెళ్ళాక రెండు స్కీల మరలూ నాలుగేసి చుట్లు వదులు చేశాను. అంకె కనిపించే గాజు బిళ్ళ ఎప్పుడో పసుపెక్కి మసకబారిపోయింది. మర కదల్లేదని తెలియడానికి దాని మీద అతను ఎర్రని గోళ్ళ రంగు చుక్క పెడతాడు. అది గీకేసి, అదే రంగు కొనుక్కొచ్చి మళ్ళీ పెట్టాను. నా జన్మలో నేను కొన్న మొదటి గోళ్ళ రంగు అది.

తర్వాత ఒకసారి పడినప్పుడు స్కీ ఊడి పక్కకెళ్ళింది. కెల్విన్ నవ్వుతూ ఇంటికొచ్చి, "ఇవాళ మంచు భలే మెత్తగా ఉందే హెలీ!" అన్నాడు. నేను సూప్ కలుపుతూ లోపల మురిసిపోయాను.

మొన్న శుక్రవారం కొండ మీద గస్తీ తిరిగే ఇద్దరు కుర్రాళ్ళు కాఫీ తాగుతూ మాట్లాడుకున్నారు.

"ఆ సందు పైన స్కీ ఊడిందో, మనిషి ఆగేది అడుగునేరా. మనం గోనెసంచి పట్టుకెళ్ళాలి."

"కెల్విన్‌కేం భయం? వాళ్ళమ్మ పద్నాలుగు పెట్టాడుగా."

నేను బన్నుల పళ్ళెం కింద పెట్టేశాను. మర బిగిస్తే మోకాలు పోతుంది, వదులు చేస్తే ప్రాణం పోతుంది. ఏది సరైన అంకె అత్తగారూ? ఎవరికీ తెలియకుండా మళ్ళీ తిప్పేయనా, కెల్విన్‌కు చెప్పేయనా? చెబితే ఇక నన్ను నమ్ముతాడా? మీరు ఏది చెబితే అది చేస్తాను.

ఇట్లు,
హెలీనా

నానైమో,
మార్చి 8

ఏమే హెలీనా,

ఆ మాట్లాడని ఫోన్లు ఎవడో దొంగ చేశాడనుకుని మా చెల్లెలు తలుపుకు ఇంకో గొళ్ళెం వేయించింది. ఈసారి చేస్తే కనీసం దగ్గు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నన్ను అంకె అడిగావు. చెబుతాను. ఇది మా చెల్లెలికి కూడా తెలియదు.

ఆ రోజు పొద్దున నా ఎడమ బూటు ముక్కు అరిగిపోయి ఉంది. రాళ్ళ మీదా రోడ్ల మీదా అవే బూట్లతో తిరిగేదాన్ని. బైండింగుకు పట్టు దొరక్క, కాలు విదిలిస్తే స్కీ ఊడిపోతోంది. మర్నాటికి వాతావరణం పాడవుతుందన్నారు, ఫొటో తీసేవాడు కింద మంచులో వణుకుతున్నాడు. కొత్త బూట్లు వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. అది పట్టుకునేదాకా మర బిగించుకుంటూ పోయాను. పద్నాలుగు దగ్గర పట్టుకుంది. రెండోదీ దానికి జతగా ఉంటుందని బిగించాను. అంతే. అంతకు ముందు రోజు వరకూ నేను ఎనిమిదిదాన్నే, మంచి బూటుకు అది ఊరికే ఊడలేదు.

ఫొటో అచ్చయ్యాక కుర్రాళ్ళు అంకె కనిపెట్టారు. ఒకడు వచ్చి, "భయం వేయలేదా?" అని అడిగాడు. బూటు అరిగింది నాయనా అంటే పోయేది. చుట్టూ పాతికమంది ఉన్నారు. "భయపడేవాళ్ళు ఎనిమిది పెట్టుకుంటారు" అన్నాను. అందరూ ఈలలు వేశారు. ఎంత బాగుందో నీకు చెప్పలేను. కొత్త బూట్లు వచ్చాక కూడా అందరి కళ్ళూ నా మర మీదే. ఎనిమిదికి దిగడానికి సిగ్గేసింది. పదకొండేళ్ళు అలాగే స్కీ చేశాను. నా రెండు మోకాళ్ళనూ తిన్నది ఆ సందు కాదే పిల్లా, ఆ మాట.

ఇంకో సంగతి. ఆ స్ప్రింగులు నా కొడుకంత ముసలివి. వాడు పద్నాలుగన్నా, నువ్వు నాలుగు చుట్లన్నా, లోపల ఎంతుందో ఎవరికీ తెలియదు. మీ ఇద్దరిదీ తప్పే. ఆ బైండింగులు పీకించి, స్కీలు బాగుచేసే ఆర్చీ చేత కొత్తవి వేయించండి. ముందు కెల్విన్‌కు అంతా చెప్పు. కోపం వస్తుంది. రానీ. వాడి కోపం వాళ్ళ నాన్న కోపంలాగే గురువారం వచ్చి ఆదివారానికి పోతుంది.

ఆ తర్వాత పండగ రోజు ఈ ఉత్తరాన్ని అందరి ముందూ చదవాలి. కెల్విన్ చేత చదివించకు. అమ్మ పరువని నాలుగు మాటలు మింగేస్తాడు. నువ్వు చదువు. నా ఎదుట మూడేళ్ళుగా కుర్చీ అంచున కూర్చునే పిల్లవి, నీ మొగుడి కాలు కోసం దొంగతనంగా మర తిప్పావు. నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా చేయలేని పని నువ్వు చేయగలవు.

నీ అత్త,
రోవెనా

కాల్డర్ క్రీక్,
మార్చి 24

అత్తయ్యా,

మీరు చెప్పినట్టే అయింది, గురువారంతో సహా.

మీ ఉత్తరం కెల్విన్ ముందు పెట్టి, నేను చేసింది నా నోటితోనే చెప్పాను. అతను ఉత్తరం చదివి మడిచి, నా చేతికే ఇచ్చాడు. "మర తిప్పినందుకు కాదు హెలీ," అన్నాడు. "ఆ ఎర్ర చుక్క మళ్ళీ పెట్టావు చూడు, దానికి. నేను మంచు మెత్తగా ఉందని చెబుతుంటే నవ్వుతూ విన్నావు." మూడు రోజులు ఇంట్లో "ఉప్పు", "తలుపు వెయ్యి" తప్ప మాటల్లేవు. బూట్లు మాత్రం వెచ్చబెడుతూనే ఉన్నాడు. ఆదివారం పొద్దున నా పక్కన కూర్చుని, "నాక్కూడా ఆ పద్నాలుగంటే భయమేనే. చెప్పడానికే నోరు రాలేదు," అన్నాడు. ఇద్దరం కాసేపు ఏడ్చి, రొట్టె తిని, స్కీలు పట్టుకుని ఆర్చీ దగ్గరికి వెళ్ళాం.

ముప్పై ఏళ్ళ సరుకు మీద వేలు పెడితే తన బీమా పోతుందని ఆర్చీ మొదట తలుపు కూడా తీయలేదు. మీ ఉత్తరం చదివాక, "నేనేం చూడలేదు, మీరసలు రాలేదు," అంటూ స్కీలను బూట్లతో సహా బల్ల మీద బిగించాడు. కుడి బూటు ఆయన ఒంటి బరువంతా వేసి వేలాడినా ఊడలేదు. ఎడమది అరచేత్తో ఒక్క దెబ్బ వేయగానే ఊడిపోయింది. "లోపల స్ప్రింగు విరిగింది. దీన్ని పద్నాలుగు కాదు, నలభైకి తిప్పినా ఇంతే," అన్నాడు. కొత్త బైండింగుల కోసం ఆర్చీ మీ స్కీలకు రంధ్రాలు వేస్తుంటే ఊళ్ళో సగంమంది గుడి కూలగొడుతున్నట్టు చూశారు.

శనివారం ఉదయం పాన్‌కేకుల దగ్గర బెంచీ ఎక్కాను. రెండు వందల మంది, పచ్చలూ గులాబీలూ మెరిసే దుస్తుల్లో. నా గొంతు నాకే వినపడలేదు. వెనకనుంచి ఎవరో "గట్టిగా చదువమ్మా!" అని అరిచారు. మొదటి నుంచి మళ్ళీ చదివాను. ఒక్క మాట మింగలేదు అత్తయ్యా, మీ సిగ్గు కూడా. చదవడం అయ్యాక ముంజేతి మీద పద్నాలుగు పచ్చబొట్టు పొడిపించుకున్న ఒకాయన మెల్లగా చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. అప్పుడు గస్తీ కుర్రాడొకడు, "అంటే ఇన్నాళ్ళూ మనం అరిగిపోయిన బూటుకు దణ్ణం పెట్టామా?" అన్నాడు. ఆ నవ్వుకు పైకప్పు మీది మంచు జారింది.

కెల్విన్ ఎనిమిది మీద సందు దిగాడు. నిజం చెప్పాలంటే మీ అంత అందంగా లేదు. రెండు చోట్ల పిర్రల మీద జారాడు. కింద చదునులోకి వచ్చి అందరికీ చెయ్యి ఊపబోయి బోర్లా పడ్డాడు. రెండు స్కీలూ ఊడి చెరో పక్కకు పోయాయి. జనమంతా "ఎనిమిది! ఎనిమిది!" అని కేకలు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి మంచులో పడుకుని నవ్వుతున్నాడు. రెండు మోకాళ్ళూ నొక్కి చూశాను. నొప్పి లేదన్నాడు, మళ్ళీ నొక్కమన్నాడు.

మరలు ఎనిమిదికి దించుకోవడానికి జనం ఆర్చీ కొట్టు ముందు వరస కట్టారు. "నీ అత్తతో చెప్పు, ఈ మరలన్నీ వచ్చి ఆవిడే తిప్పుకోమని," అని ఆర్చీ నన్ను తిట్టి పంపించాడు. మే నెలలో వచ్చేయండి. మీ గది మేడ మీద కాదు, కిందే సర్దాను.

ఇంకొక్క సంగతి. మీ పరువు పోతుందని మీరు రాయలేదు గానీ, ఆ భయం మీకుందని నాకు తెలుసు. ఇవాళ పొద్దున బేకరీకి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు, పదేళ్ళుంటాయి. బన్ను నములుతూ ఒకతి రెండోదానితో అంటోంది: "ఒసేయ్, ఆవిడ ఆ సందు పాడైపోయిన బూటుతో దిగిందటే!"

మీ
హెలీ