బర్రెలు అమ్మకముందు ఒక కాగితం

ఆర్మూర్ నుండి

అక్క గంగవ్వకు తమ్ముడు నర్సయ్య దండం పెట్టి రాసేది. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, తప్పులూ ఎక్కువే. నీకు చదివి వినిపించే నరేష్ ఏమీ అనుకోవద్దు. మోకాళ్ల నొప్పి తగ్గిందా? బర్రెలు రెండూ పాలిస్తున్నాయా? నేను బాగానే ఉన్నాను, ఫికరు చేయకు.

ఏర్గట్ల విడిచి ఆర్నెల్లయింది. ఇక్కడ ముసురు పట్టింది. కోడలు జొన్నరొట్టె చేసి పెడుతుంది, తిండికి తక్కువ లేదు. మాట్లాడే మనిషే లేడు. మా మహేష్ పసుపు పొడి దుకాణం పెట్టి నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. రమ్మని పిలవడం నాకు చేతకాదని నీకు తెలుసు. పిలిచినా ఎవరొస్తారక్కా? ఆర్మూర్‌లో పసుపు ప్యాకెట్టు ఎవరు కొంటారు? పండించని ఇంటికి పండించిన చుట్టం ఉంటాడు. ఏడాదికి సరిపడా పసుపు కొమ్ములు ఇంటికే వస్తాయి. దుకాణానికి పేరు వెతకడానికి వాడికి నెల పట్టింది. ప్యాకెట్లు అచ్చు వేయించడానికి హైదరాబాదు రెండుసార్లు పోయాడు. ఎవరు కొంటారో అడగడానికి పక్కింటిదాకా పోలేదు.

"జర కాగితం మీద రాసుకో బిడ్డా" అంటే, "అంత తలకాయలనే ఉన్నది బాపూ" అన్నాడు. అప్పు ఇవ్వడానికి బ్యాంకు సారు దుకాణం సంగతంతా రాసి తెమ్మంటే, జిరాక్స్ దుకాణంలో ఎవరిదో బేకరీ కాగితం తెచ్చి పేరు మార్చి ఇచ్చాడు. సారు చదివి, "పసుపుల మైదా ఎందుకు కలుపుతున్నవయ్యా?" అని తిప్పి ఇచ్చాడు. నేను సిగ్గుతో తల ఎత్తలేదు. వాడు మాత్రం నవ్వాడు.

తర్వాత ఒకరోజు దుకాణానికి నా ఈడు ఆమె ఒకతె సంచిలో కొమ్ములు తెచ్చింది. "పట్టిస్తవా అన్నా? పిండి గిర్నోళ్లు రానిస్తలేరు. జొన్నపిండికి పసుపు అంటుతదట."

మహేష్ లేచి, "గిది గిర్ని కాదవ్వా, కంపెనీ" అన్నాడు.

ఆమె అటూ ఇటూ చూసి, "కంపెనీల ఎవ్వలు కనిపిస్తలేరు గదా" అని పోయింది.

ఆ వారంలో అట్లా తొమ్మిదిమంది తిరిగిపోయారు. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఎందుకు పోయారు అని ఆ బేకరీ కాగితం వెనుకనే రాశాను. ప్యాకెట్టు అడిగింది ఒక్కరే, కొత్తగా బదిలీపై వచ్చిన టీచరమ్మ. నోటితో చెబితే వినడు కనుక కాగితం వాడి అన్నం పళ్లెం పక్కన పెట్టాను. చదివాడు. తెల్లారి వచ్చిన సంచిని కాదనకుండా మా పసుపు పట్టే మిషన్‌లో పోశాడు. ఇప్పుడు రోజూ నాలుగు సంచులు వస్తున్నాయి. ప్యాకెట్లు మాత్రం గోడ ఎత్తున అట్లాగే ఉన్నాయి. ఈ నాలుగు ముక్కలు దుకాణం తెరవకముందు రాసుకుంటే వాడి చెయ్యి అరిగిపోయేదా?

ఇప్పుడు నీ సంగతి. నరేష్ పోచంపాడ్ డ్యాం దగ్గర చేపల హోటల్ పెడతాడట, నువ్వు బర్రెలు అమ్మి ఇస్తావట. నరేషూ, ఇది దాటేయకుండా చదువు, అమ్మ వింటోంది. గేట్లు ఎత్తిననాడు జనం వస్తారు. ఎత్తనినాడు నీ చేపలు ఎవరు తింటారు? మిగిలినవి ఎక్కడ దాస్తావు? వండేది నువ్వా, అమ్మనా? నీ చేతితో రాయి. ఒక పేజీ చాలు, ఎవరిదీ చూసి రాయకు.

అక్కా, వాడు ఆ పేజీ నీకు చదివి వినిపించేదాక బర్రెల పలుపులు ఎవరి చేతికీ ఇవ్వకు. నీకు ఉన్న ఆధారం అవే. చిన్నవాడిని, ఎక్కువ మాట్లాడితే కోప్పడకుండా దీవించు. సిరికొండ పెద్దమ్మకు నా దండాలు.

జవాబు తొందరగా రాయించు. బర్రెలు కొట్టంలోనే ఉన్నాయన్న మాట మొదటి వరుసలోనే ఉండాలి.

నీ తమ్ముడు
నర్సయ్య