తొమ్మిదిమంది ఎక్కే బస్సు

అక్కకి,

ఎలా ఉన్నారని అడిగే మొహం లేక అడగడం లేదు.

మొన్న డిపో గేటు ముందు నా ఉపన్యాసం విన్నానన్నావు. మాంద్యం తెచ్చింది మేడల్లోవాళ్లు, పొదుపు చెయ్యాల్సింది మాత్రం మంచం పట్టినవాళ్లా అన్నాను. ఇప్పటికీ అంటాను. మునిగిన బ్యాంకుల్ని నిలబెట్టడానికి సర్కారు దగ్గర డబ్బుంది, బావని నిలబెట్టడానికి లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వూ కొట్టావు. అదే నన్ను తినేస్తోంది.

ఆసుపత్రి బస్సు తీసేసిన కాగితం మీద మేనేజరు పక్కన కార్మిక సంఘం తరఫున సంతకం నాది. పైనుంచి కోత వచ్చింది. ఒక రూటు వదిలేస్తే డ్రైవర్లెవరినీ ఇంటికి పంపనన్నాడు మేనేజరు. ఏ రూటో మమ్మల్నే చెప్పమన్నాడు. చూశావా, కత్తి తెచ్చి మన చేతికే ఇచ్చాడు. వారంపాటు ప్రతి బస్సూ ఎక్కి తలలు లెక్కపెట్టాం. "ఇందులో తొమ్మిదిమందే కదన్నా, రాసెయ్" అన్నాడు మా కండక్టరు. రాసేశాను. ఆ తొమ్మిదిమందిలో మీరిద్దరున్నారని తెలిసే రాశాను. ఆటోలో వెళ్తార్లే అనుకున్నాను. రోజూ ఆటో ఎక్కే స్తోమతుంటే బస్సు కోసం గంట ముందు వచ్చి ఎందుకు కూర్చుంటారని ఒక్క క్షణం ఆలోచించలేదు.

పక్షవాతం వచ్చాక కూడా, ఆసుపత్రిలో వ్యాయామం చేయించుకుంటూ కర్ర పట్టుకుని వీధి గేటుదాకా నడిచిన మనిషి బావ. నాలుగు నెలలు ఆసుపత్రికి వెళ్లకపోతే కాలు కొయ్యబారిపోయింది. నన్ను క్షమించు.

తమ్ముడు


తమ్ముడూ,

నీ ఉత్తరంలో నాకు కొత్త సంగతేమీ లేదు. స్టాపులో నోటీసు అంటించిన రోజే కింద నీ సంతకం చూశాను. నీకు అక్షరాలు దిద్దించినదాన్ని, ఆమాత్రం గుర్తుపట్టనా? మీ బావ కంట పడకుండా ఊడబీకి సంచిలో వేసుకున్నాను. "మనవాడి మాట చెల్లితే ఈ బస్సు పోనిచ్చేవాడా" అని ఆయన ఇప్పటికీ కిటికీలోంచి రోడ్డు చూస్తూంటారు.

నువ్వు గేటు దగ్గర చెప్పింది నిజమే. అందుకే చప్పట్లు కొట్టాను. చెప్పకుండా మింగిందీ నిజమే. అందుకే నీకు కనబడేలా ముందు వరసలో నిలబడి కొట్టాను.

నన్ను క్షమాపణ అడక్కు. కాలు నాది కాదు. సోమవారం రా, నోటీసు నీ చేతికిస్తాను, ఆయన పక్కన కూర్చుని నువ్వే చదివి వినిపించు. కళ్లజోడు తెచ్చుకో. ఆ బస్సెక్కే మిగతా ఏడుగురి ఇళ్లూ నాకు తెలుసు, అక్కడా చదువుదువుగాని.

అక్క