డస్టీ కక్కిన ఉల్లిపాయ

నాన్నా, డస్టీ పొద్దున్నే మూడుసార్లు కక్కింది. లేవగానే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, ఫోన్ చేసి చెప్పాను. అందాకా ఏమీ పెట్టకు.

నాకైతే అంతుపట్టడం లేదు. కొత్త తిండి పడలేదేమో అనుకున్నా, వెంట్రుకల ఉండేమో అనుకున్నా. తీరా చూస్తే వేయించిన ఉల్లిపాయ! పిల్లులకి అది విషం. నీ గుండెకి స్టెంట్ వేసినప్పటి నుంచీ మనింట్లో వేపుడే లేదు కదా?

నిన్న ఫుట్‌బాల్ క్లబ్ వాళ్లు రొట్టెలో సాసేజ్, వేయించిన ఉల్లిపాయ పెట్టి అమ్మే స్టాలుకి వెళ్లి, "బల్లలు మోశానంతే, కెర్రీ" అన్నావు. ఎంత తిందో, ఎప్పుడు తిందో డాక్టరు అడుగుతుంది. ఆవిడకి నిజం చెప్పు. నాకు చెప్పకపోయినా ఫరవాలేదు.

తా.క. నీ కోటు జేబులో నూనె మరక, రొట్టె పొడి ఉన్నాయి. ఉతకడానికి వేశాను. నీకు గుండెల్లో మంటగా ఉంటే మాత్రం నాకే చెప్పు.