గేటు మీద నిలిచే గూడ్సు తోక

రెండో లైను పనులు చూచు రైల్వే డివిజనల్ ఇంజనీరు గారి సముఖమునకు,

జగ్గయ్యపేట దగ్గర రాళ్ళపాడు గ్రామస్థుల తరఫున దేగల రూబెన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రాళ్ళపాడు స్టేషను పడమటి గేటును సిమెంటు గూడ్సు బండ్లతో మూసి, మా ఊరికి మా సమాధుల తోటను దూరం చేసినది తమరేనని తెలియజేయుట గురించి.

మమ్మల్ని మా సమాధుల దగ్గరకు పోనీయకుండా అడ్డుపడినది గాలీ వానా కాదు, దేవుడు అంతకన్నా కాదు. ప్లాను మీద సంతకం చేసిన తమరు. ఈ మాట ముందే చెప్పి, తక్కిన సంగతులు వరుసగా మనవి చేయుచున్నాను.

1. మేము రెండో లైనుకు విరోధులము కాము. ఒంటి లైను ఉన్న రోజుల్లో సిమెంటు బండి పోయేదాకా ప్యాసింజరును చేల మధ్య నిలబెట్టేవారు. బెజవాడ ఆసుపత్రికి పోయే రోగులు అందులోనే మూలుగుతూ కూర్చునేవారు. రెండో లైను కావాలని జగ్గయ్యపేట బస్టాండులో కరపత్రాలు పంచినవాణ్ణి నేనే. కనుక 'అభివృద్ధి నిరోధకులు' అనే ముద్ర మా మీద వేయదలిస్తే, ఆ ముద్ర తమ బల్ల సొరుగులోనే దాచుకొనగోరుచున్నాను.

2. లైను వచ్చినది. బండ్లు పెరిగినవి, ఒక్కొక్క బండి పొడవూ పెరిగినది. ప్యాసింజరుకు దారి ఇచ్చేందుకు గూడ్సును పక్క లైనులోకి తీసి ఆపుచున్నారు. ఆ పక్క లైను మాత్రం పాత బండి కొలతకు వేసినదే. కొత్త బండి అందులో పట్టదు. ఇంజను తూర్పు సిగ్నలు దగ్గర నిలిస్తే తోక పడమట మా గేటు మీద పడుకుంటున్నది. తూర్పు వైపు పొడిగించుటకు రైల్వే వారి సొంత జాగాయే ఉన్నది. అందులో సిమెంటు ఫ్యాక్టరీ లారీలు నిలుస్తున్నవి. లారీలను కదపడం కష్టమనీ, మనుషులను ఆపడం తేలికనీ తమకు తోచినది. దీనిని ఇంజనీరింగు అంటారా, ఊడిగమంటారా?

3. గత నెల మా ఊరి ఆరోగ్యమ్మ గారు చనిపోయారు. మిరప కోతల ముఠాను ముప్ఫై ఏళ్లు నడిపిన మనిషి. కూలి తగ్గిస్తానన్న ఆసామి చేలోంచి ముఠా మొత్తాన్ని లేపుకుని వచ్చిన మనిషి. మా ఊళ్లో ఒక ఆచారం ఉన్నది. ప్రార్థన గుడిలోంచి ఎత్తిన శవపెట్టెను సమాధుల తోటలో తప్ప మధ్యలో ఎక్కడా నేలకు దించము. ఆ సాయంత్రం మేము పెట్టె ఎత్తుకుని గేటు దగ్గరకు వచ్చేసరికి సిమెంటు బండి తోక అడ్డంగా ఉన్నది.

గేటు కాసే ప్రేమకుమారి స్టేషనుకు ఫోను చేసింది. "సార్, శవం వచ్చిందండి, భుజాల మీదుందండి, బండి కాస్త ముందుకి లాగించండి" అన్నది. అవతలి గొంతు మా అందరికీ వినబడినది: "లైను క్లియరు కాలేదమ్మా. బతికున్నోళ్లకే బళ్లు లేటు, శవానికి తొందరేముంటది?"

అయ్యా, ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. పేరు వ్రాయను. ఆయనకు ఆ మాట నేర్పినది తమ ప్లానే గనుక.

అప్పుడు ఆరోగ్యమ్మ గారి మనవడు బెన్ని, "తాతా, రెండు గూడ్సు డబ్బాల మధ్య సందులోంచి కిందగా జారుద్దాం, నిమిషం పని" అన్నాడు. ఆమె భర్త శాంతయ్య తాత కర్ర నేలకేసి కొట్టాడు.

"ఒరేయ్, ఆసామి ముందర కూడా నడుం వంచలేదురా మీ నాయనమ్మ! ఇయ్యాళ గూడ్సు కింద పాకిస్తావా? నిలబడండి!"

నిలబడ్డాము. భుజాలు మార్చుకుంటూ నిలబడ్డాము. మా పల్లెలో మగవాళ్ల భుజాలు పూర్తయినవి. గేటు దగ్గర బైకు ఆపుకుని చూస్తున్న ఉమాకాంతం గారు యూరియా బస్తా దించి పక్కన పెట్టి వచ్చారు. మా పల్లె పెట్టెను ఏనాడూ మోయని పెద్దకులాల వీధి ఆయనది. బెన్ని కంగారుపడి, "అయ్యగారూ, మీరొద్దండి" అన్నాడు. "నోర్మూసుకుని జరగరా, నీ కాళ్లు వణుకుతున్నయ్" అని ఆయన పెట్టె మోసే కొమ్ము పట్టుకున్నారు. ఆయన వెనక ఇంకో నలుగురు వచ్చారు.

ఏ ప్యాసింజరు కోసం గూడ్సును ఆపారో, ఆ ప్యాసింజరులోనే ఆరోగ్యమ్మ గారి కూతురు ఫ్లోరెన్సు తల్లిని కడసారి చూడటానికి వచ్చింది. ప్లాట్‌ఫారం సమాధుల తోట వైపు ఉన్నది. అంటే కూతురు అవతల, తల్లి ఇవతల, నడుమ సిమెంటు.

"నాన్నా! అమ్మ ఎక్కడ?"

"ఇటుందమ్మా. బండి పోనీ, వస్తాం."

"ఎప్పుడు పోద్ది నాన్నా?"

ఆమె ఒంగి చక్రాల మధ్య దూరింది. "వద్దే, కదులుద్దే!" అని ఆడవాళ్లు అరుస్తూనే ఉన్నారు. గ్రీజు మరకలతో ఇవతల తేలి, ఆమె తల్లి పెట్టె మీద చెయ్యి వేసిందో లేదో, బండి ఒక్క ఊపు ఊగి మళ్లీ ఆగినది. క్షణం ఆలస్యమైతే మేము రెండు పెట్టెలు మోసేవాళ్లము. పొద్దు కూకిన తరువాత దారి వదిలారు. బైకుల లైట్లు వేసుకుని మట్టి వేశాము.

4. దీని మీద తమ శాఖ తీసుకున్న చర్యలు రెండు. గేటు దగ్గర 'బండి కింద దూరుట శిక్షార్హము' అని బోర్డు పెట్టినారు. ప్రమాదాల నివారణార్థం ఒకటో తారీఖు నుంచి గేటును శాశ్వతంగా మూసి గోడ కట్టెదమని నోటీసు అంటించినారు. దారి కావలసినవారు మూడు ఊళ్ల అవతలి వంతెన కింద నుంచి తిరిగి రావలెనట! దూరే అవసరం కల్పించినవారికి ఏ శిక్ష ఉన్నదో ఆ బోర్డులో వ్రాయలేదు.

శాంతయ్య తాత రోజూ సాయంత్రం భార్య సమాధి దగ్గరకు పోతాడు. బండి అడ్డంగా ఉంటే కర్ర మీద గడ్డం ఆనించి నిలబడతాడు. "తాతా, చీకటి పడుద్ది, ఇంటికి పోదాం రా" అంటే, "అది పోద్దిగా, పోయినాకే పోతా" అంటాడు. బండి ఎంతసేపు నిలిచినా ఎప్పటికో పోతుంది. గోడ పోదు. ఆ సంగతి తాతకు చెప్పే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు. తమరికి ఉంటే వచ్చి చెప్పగలరు.

కావున తమరు లారీలను ఖాళీ చేయించి పక్క లైనును తూర్పుకు పొడిగించవలెను. అది పూర్తయ్యేదాకా పొడుగు బండ్లను వెనక స్టేషనులోనే ఆపించవలెను. గోడ నోటీసును చించవలెను. ఇది దయ కోసం అడుగుట కాదు. ఈ లైను మాది కూడా.

ఇది చిత్తగించి ఊరుకోక, కుర్చీలోంచి కూడా లేవవలెనని కోరుచున్నాను.

తమ విధేయుడు (అర్జీలో వ్రాయక తప్పదన్నారు గనుక),
దేగల రూబెన్

తా.క. నందిగామలో ఇది టైపు చేసిన సంయుక్త గారు, "ఊడిగం అనే మాట తీసెయ్ తమ్ముడూ, కోప్పడతారు" అన్నారు. కోప్పడమనే ఉంచాను. పట్టాల మీద కూర్చుందామని కూడా నేనే అన్నాను. శాంతయ్య తాత ఒప్పుకోలేదు. "ప్యాసింజర్లో ఉండేది ఎవర్రా? మనోళ్లే కదా" అన్నాడు. అందుచేత ఈ నకలు గుడి తలుపుకూ, పాల కేంద్రం గోడకూ అంటిస్తున్నాను. చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పండి. ఈ ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు స్టేషను తూర్పున లారీలు ఆపే జాగాలోకి రండి. గేటు మీద పడుకుంటున్న తోక ఎంత పొడవో అంత పొడవునా, అది పట్టే చోటు ఇక్కడే ఉన్నదని కనబడేటట్టు, పట్టాలకు ఎడంగా వరుసగా నిలబడదాము. వరుసలో మొదట తాత ఉంటాడు. ఇంజనీరు గారూ, తమరూ రండి. ఆయన పక్కన జాగా ఉంచుతాము.