వీపు మీద ఖో

11 నవంబర్ 2024, సోమవారం

కాలేజీలో చేరి వారం. ఇన్నాళ్లూ నాది ఒంటరి ఆట. నాలుగు వందల మీటర్లు, నా లేన్, నా ఊపిరి. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. బీపీఎడ్‌లో అలా కుదరదట. ఈ సెమిస్టర్ అంతా టీమ్ గేమ్సే అని శోభారాణి మేడం మొదటి క్లాసులోనే చెప్పింది. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో. పొద్దున గ్రౌండ్, మధ్యాహ్నం కినిసియాలజీ. పొద్దుగాల ఏ కండరంతోని దుంకిన్రో మధ్యాహ్నం దాని పేరు చెప్పాలె అన్నది.

నేను ముందు బెంచీలో కూర్చున్నా. చదువు మీద ప్రేమతో కాదు, మేడం పెదాలు కనబడాలని.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నా. నాకు సరిగా వినపడదు. మొహం కనబడితే మాట అర్థమవుతుంది. వెనక నుంచి పిలిస్తే ఉత్త గాలి. ఎప్పుడు మొదలైందో తెలియదు. కొత్తవాడలో మా ఇంట్లో నాలుగు సాంచాలు పొద్దంతా నడుస్తాయి. పవర్‌లూమ్ ఉన్న ఇంట్లో అందరూ అరిచే మాట్లాడుకుంటారు, ఎవరికి వినపడుతుందో ఎవరికి వినపడదో తేలనే తేలదు. బయటికొచ్చాకే నాకు తేలింది. స్కూలు పిల్లలకు ఆటలు నేర్పే పీఈటీ కావాలని నా ఆశ. చెవిటి పీఈటీని ఎవరు పెట్టుకుంటారు? అందుకే నోరు మూసుకుని తిరుగుతున్నా.

14 నవంబర్, గురువారం

టీమ్ గేమ్ అంటే సగం కాళ్లు, సగం అరుపులు. వాలీబాల్ పైకి లేస్తే ఎవరో ఒకరు నాది అని అరవాలి, మిగిలినవాళ్లు ఆగాలి. వినోద అరిచిందట. నాకేం తెలుసు? ఇద్దరం ఒకే బాల్‌కు ఎగిరాం. నా తల పోయి ఆమె మూతికి తగిలింది. పెదవి చిట్లి జెర్సీ నిండా రక్తం.

వినోదది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి చేన్లో పెరిగిన పిల్ల, ఒక్కో అరచెయ్యి నా మొహమంత ఉంటుంది. రక్తం ఊసి, గంతగనం మొత్తుకున్న, ఇనవడ్తలేదా, చెవులల్ల దూది పెట్టుకున్నవా అన్నది. సారీ చెప్పా. అప్పటికే అటు తిరిగింది.

15 నవంబర్

నాకు పొగరని క్లాసంతా అనుకుంటున్నారట. అనుకోనీ, చెవుడు కన్నా పొగరే నయం.

25 నవంబర్, సోమవారం

ఖోఖో మొదలైంది. ఎనిమిది మంది వరసగా గడుల్లో కూర్చోవాలి. ఒకరి మొహం ఇటు, పక్కవాళ్ల మొహం అటు. తొమ్మిదో మనిషి ఎదుటి టీమ్ రన్నర్లను తరమాలి. రన్నర్ వరస దాటి అవతలికి దూరితే ఈమె దూరకూడదు. అటు మొహం పెట్టి కూర్చున్నామె వీపు ముట్టి ఖో అనాలి. ఆమె లేచి తరుముతుంది, ఈమె ఆ గడిలో కూర్చుంటుంది. వీపు ముట్టగానే లేస్తే ఫౌల్. ఖో అన్న మాట పడ్డాకే లేవాలి.

ఆ మాటేమో నా వెనక పుడుతుంది. పెదాలు కనబడవు, మొహం కనబడదు. వీపుకు వేలు తగలగానే లేచా. ఎర్లీ గెటప్, ఫౌల్. మళ్లీ లేచా, మళ్లీ ఫౌల్. సరే, ఈసారి ఆగుదామని ఆగితే ఆ పిల్ల నా వెనక నిలబడి ఖో ఖో అని గొంతు చించుకుందట. రన్నర్ దర్జాగా వరస చివరి పోల్ చుట్టి వెళ్లిపోయింది.

మేడం నా ఎదురుగా వచ్చి, చెవిటోని ముందట శంఖమూదినట్టున్నది నీతోని అన్నది. అందరూ నవ్వారు. వాళ్ల మొహాలు చూసి నేనూ నవ్వా.

3 డిసెంబర్, మంగళవారం

కినిసియాలజీ ల్యాబ్. రియాక్షన్ టైమ్. జతలు వేశారు, నా జత వినోద. నా ఖర్మ. ఒకరు స్కేలును పైన పట్టుకుని వదలాలి, ఇంకొకరు కింద వేళ్లతో పట్టాలి. ముందు కళ్లు తెరిచి చూస్తూ. తర్వాత కళ్లు మూసుకుని, జత మనిషి హా అనగానే. చివరికి కళ్లు మూసుకునే, భుజం మీద చెయ్యి పడగానే.

చూసి పట్టడం బాగానే పట్టా. హా దగ్గర స్కేలు కింద పడింది. మళ్లీ పడింది. ఒకసారి మాత్రం దొరికింది. వినోద చెవి దాకా వచ్చి అన్నట్టుంది, ఊపిరి చెంపకు తగిలింది. నేను పట్టింది ఆ ఊపిరిని. ఇక భుజం ముట్టినప్పుడు క్లాసులో నాకన్నా చురుకు ఎవరూ లేరు. స్కేలు జారిందో లేదో నా వేళ్ల మధ్య ఉంది.

కళ్లు తెరిచేసరికి వినోద నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు నచ్చలేదు. మేడం వచ్చి ఏంది కథ అని అడిగితే, నా చేతులకు చెమట పడ్తాంది మేడం, స్కేలు మంచిగ వదల్తలేను అన్నది. తప్పు తన మీద వేసుకుంది. ఎవరు అడిగారు ఈమెను?

అదే రోజు, సాయంత్రం 6

బస్టాప్‌లో ఉన్నా. వినోద నా ముందుకొచ్చి నిలబడింది. ఇంతసేపు నీ ఎనకాల నిలబడి గాడిద, గాడిద అని పిలుస్తాన, సప్పుడు చేస్తలేవు, నాకు గిప్పుడు సమజైంది అన్నది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అప్పుడు నా మొహం ఎంత చండాలంగా ఉందో ఆమెకే తెలియాలి.

ఎవరికీ చెప్పొద్దని బతిమాలా. నేనెందుకు చెప్త, చెవులు నీయి అన్నది. ఆమె పెదవి మీద మచ్చ ఇంకా పోలేదు. పొగరుబోతుదని నిన్ను మనసుల మస్తు తిట్టుకున్న, గా దినమే చెప్తే ఏమయితుండె అని అడిగింది. తన సంచిలోంచి పల్లీలు తీసి నా చేతిలో పోసింది. బస్సు వచ్చేదాకా ఇద్దరం తిన్నాం.

5 డిసెంబర్

వినోద ఒక ఉపాయం పట్టుకొచ్చింది. నాకు ఖో ఇచ్చేటప్పుడు వేలితో ముట్టదు. అరచెయ్యి మొత్తం వీపుకు ఆనిస్తుంది. ఖో అనే క్షణంలో గట్టిగా నొక్కుతుంది. ఆనిస్తే ఆగాలి, నొక్కితే లేవాలి. మాట అంటూనే ఉంది కాబట్టి రూలు తప్పినట్టు కాదు. ఇవాళ ఆమె చేతి మీద ఎన్నిసార్లు లేచానో, ఒక్క ఫౌల్ లేదు. గరుకు చెయ్యి, వెచ్చగా ఉంటుంది. ఇంటికొచ్చి అన్నం తింటుంటే కూడా ఆ చోటు తెలుస్తోంది.

9 డిసెంబర్

వినోద రాలేదు. అన్నీ ఫౌళ్లే.

16 డిసెంబర్, సోమవారం

ఇంటర్ కాలేజ్ టీమ్ ప్రకటించారు. నేనూ ఉన్నా, వినోదా ఉంది. తరమడంలో నా కాళ్లకు తిరుగులేదు, అందుకే తీసుకున్నారు. సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ప్రాక్టీస్ మ్యాచ్‌లో నాకు ఖో ఇచ్చే పని కెప్టెన్ శ్రీలతకు పడింది. ఆమె వేలు కొనతో ముట్టి పోయే రకం. లేస్తే ముందు లేచా, ఆగితే మరీ ఆగా. నా వల్లే ఓడాం. శ్రీలత దాపరికం లేని మనిషి. నా ఎదుటే మేడంతో, దీన్ని తీసేసి ఇంకెవరినన్న పెట్టుండ్రి, ఉరుకుడు వస్తే సాలదు కదా అన్నది. వినోద నోరు తెరవబోయింది. నేను చెయ్యి పట్టి ఆపా.

నాకు ఈ టీమ్‌లో ఉండాలని ఉంది. ఇంత గట్టిగా ఏదీ కోరుకోలేదు. ఒంటరిగా పరుగెత్తి గెలిచిన రోజుల్లో నా వీపు మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు.

17 డిసెంబర్

మేడంకు చెప్పేశా. స్టాఫ్ రూమ్ బయట, ఒక్క ఊపులో. నాకు వినపడదు మేడం, ఖో వీపు మీద నొక్కితే లేస్తా, తీసేస్తారా ఉంచుతారా చెప్పండి అన్నా. మేడంకు ఆ శంఖం సామెత గుర్తొచ్చినట్టుంది, మొహం చిన్నబోయింది. తప్పయింది బిడ్డా అన్నది. లెక్చరర్ నాకు తప్పయిందని చెప్పడమా! పర్లేదు మేడం అని పరుగెత్తుకొచ్చా.

18 డిసెంబర్

ఇవాళ మేడం టీమ్ మొత్తాన్ని కూర్చోబెట్టి స్పర్శ గురించి చెప్పింది. చర్మం నుంచి వార్త మెదడుకు ఎలా పోతుందో బోర్డు మీద బొమ్మ గీసింది. ఆ తర్వాత గ్రౌండ్‌కు తీసుకుపోయి, రేపటి నుంచి అందరూ వినోద ఇచ్చినట్టే ఖో ఇయ్యాలె అన్నది. శ్రీలత ఒప్పుకోలేదు. ఒక్కదాని కోసం అందరం చేతులు మార్చుకోవాల్నా, టైం పోతది మేడం అన్నది. అడగాల్సిన మాటే. నేనైనా అదే అడుగుదును.

ఖో ఇచ్చేది ఉరికేటోళ్ల కోసం కాదు, కూసున్నోళ్ల కోసం అన్నది మేడం. నాకు ఇంకో మాట కూడా చెప్పింది. ముందు దవాఖానకు పో, మీ బాపును తీస్కపో.

బాపును తీసుకెళ్లడమంటే, ఖోఖో నయం.

23 డిసెంబర్, సోమవారం

బాపు వచ్చాడు. మా బిడ్డ చెవులకేమైంది, మంచిగనే ఇంటది అని దారి పొడుగునా గొణిగాడు. చెవుల డాక్టర్ నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయట. మిషన్ పెట్టుకోవాలట, కొలతలు తీసుకున్నారు, రావడానికి టైం పడుతుందట. టీచర్ ఉద్యోగానికి ఇదేం అడ్డం కాదమ్మా, వినపడని వాళ్లకు వేరే కోటా కూడా ఉంది అన్నాడు. ఇన్నేళ్లూ నేను భయపడింది దేనికి?

గాజు గది బయటికొచ్చాక, చప్పుడు బాగా ఉండే ఇంట్లో పెరిగిందా అని డాక్టర్ బాపును అడిగాడు. బాపు మాట్లాడలేదు. డాక్టర్ మళ్లీ అడిగాడు, ఈసారి గట్టిగా. అప్పుడు డాక్టర్‌కూ నాకూ ఒకేసారి అర్థమైంది. బాపుకూ వినపడలేదు.

ఆటోలో బాపు నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. నన్ను ఉయ్యాల్లో వేసి రెండు సాంచాల నడుమ కట్టేవారట. కరెంట్ పోయి సాంచాలు ఆగితే లేచి ఏడిచేదాన్నట. సాంచ సప్పుడుకే పండుకునేదానివి బిడ్డా, నీకు గదే జోలపాట అనుకున్న, నేనే చెడగొట్టిన అన్నాడు. మా బాపు వెంకట్రాజం ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. తువ్వాలతో మొహం రుద్దుకుంటూ రోడ్డు వైపు తిరిగాడు. నేనేం చెప్పినా వినపడదు కదా, అందుకని వీపు మీద చెయ్యి ఆనించి ఇల్లొచ్చేదాకా అలాగే ఉంచా. నాకు ఆయన మీద ఇంత కూడా కోపం లేదు. ఆ నాలుగు సాంచాలే నన్ను ఇక్కడిదాకా చదివించాయి.

6 జనవరి 2025, సోమవారం

శ్రీలత చెయ్యి ఇంకా కుదరడం లేదు. ముందు నొక్కి తర్వాత ఖో అంటోంది, ఫౌల్ నాకు పడుతోంది. విసుక్కుంటుంది, తిడుతుంది, మళ్లీ వచ్చి నా వెనక నిలబడుతుంది. ప్రాక్టీస్ అయ్యాక అందరూ పోయినా నన్ను కూర్చోబెట్టి నొక్కుతూనే ఉంది. నా వీపా, మద్దెలా అని అడిగా. నోరు మూస్కొని కూసో అన్నది.

20 జనవరి

కుదిరింది. ఏ చెయ్యి ఎవరిదో కూడా తెలుస్తోంది ఇప్పుడు. శ్రీలతది సన్నగా, చల్లగా. వినోదదైతే చెప్పక్కర్లేదు.

3 ఫిబ్రవరి, సోమవారం

ఎల్లుండి హన్మకొండలో మ్యాచ్. మిషన్ ఇంకా రాలేదు. మ్యాచ్ ఎక్కడ, ఎన్ని గంటలకు అని బాపు అడిగాడు. ఆయన కూడా చెవులు చూపించుకోవాలని అమ్మ అంటే, ముందు బిడ్డ ఆట చూడనీ అన్నాడు. ఆ రోజు సాంచాలు బంద్ పెడతాడట. పెళ్లిళ్లకు కూడా బంద్ పెట్టని మనిషి.

భయంగా ఉంది. గెలుస్తామా లేదా అని కాదు. అందరి ముందు, బాపు ముందు, నేను లేవాల్సినప్పుడు లేవాలి.

5 ఫిబ్రవరి, బుధవారం

ఓడిపోయాం. ఒక్క పాయింట్.

ఒక్క ఎర్లీ గెటప్ లేదు నాకు. చివరి నిమిషంలో తరిమేది నేనే. రన్నర్ వరస దాటి అవతలికి దూరింది. వినోద వీపు మీద చెయ్యి ఆనించి, నొక్కి, ఖో అన్నా. లేచి ఉరికింది. నేను ఆమె గడిలో కూర్చుని ఎదురుగా చూశా. జనమంతా లేచి నిలబడి ఉన్నారు. ఎదుటి టీమ్ వాళ్లు ఒకరినొకరు కావలించుకుంటున్నారు. రెఫరీ విజిల్ మెడలో వేలాడుతోంది. నేను ఖో అనకముందే ఊదేశాడట. స్టాండ్‌లో ఒక్క బాపే, పట్టుకో బిడ్డా అని ఇంకా చేతులు ఊపుతున్నాడు.

ఆట అయిపోయినా మా వరసలో మిగతా ఒక్కరూ లేవలేదు. శ్రీలత కూడా తన గడిలో అలాగే కూర్చుని ఉంది. వినోద పోల్ దాకా ఉరికి, పోల్ చుట్టి, మళ్లీ నా వైపే వస్తోంది.

ఆమెకు విజిల్ వినపడింది. అయినా లేచింది.